నీళ్ల బరువు

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం అని ఒకటి ఉంటుంది. పాటలు అయ్యాక, వాక్యం అంటే ప్రసంగం మొదలయ్యే లోపు, అయ్యగారు మైకు సవరించుకుని, "ఈ వారం ప్రభువు చేసిన మేలు చెప్పేటోళ్లు ఉంటే లేవండి" అంటారు. అయ్యగారంటే మా పాస్టరు. ఎవరో ఒకరు లేస్తారు. జ్వరం తగ్గిందని, కొడుకుకు ఉద్యోగం వచ్చిందని, నారపల్లి అవతల కొన్న ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందని చెప్తారు. ప్రతిదానికీ అందరం కలిసి "స్తోత్రం" అంటాం. అలా సంఘం ముందు ఒకసారి చెప్పిన మాట ఇక చెప్పినవాళ్లది కాదు, అందరిదీ. దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మాత్రం లేదు. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చిందని లేచి చెప్పినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు.

ఒక జనవరిలో మా అమ్మ లేచి చెప్పిన సాక్ష్యం గురించి ఇదంతా.

నేను చిల్కానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. దాని వెనుక కథ ఏమీ లేదు, అడిగిన వాళ్లందరికీ ఇదే చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు. అమ్మా నేనూ బడికి దగ్గర్లోనే అద్దెకుంటాం. నాకున్నది ఒక్కడే అన్న. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో డిస్పాచ్ సూపర్‌వైజరు. మాది జనగామ వైపు పల్లె. నాన్న పోయాక ముందు అన్న పట్నం వచ్చాడు, కాలు నిలదొక్కుకున్నాక మమ్మల్ని తెచ్చుకున్నాడు. నా చదువు అన్న జీతం మీదే గడిచింది.

అప్పటికి నా కిడ్నీలు రెండూ పని మానేసి రెండేళ్లు దాటింది. వారానికి మూడు మధ్యాహ్నాలు బడి నుంచి నేరుగా డయాలసిస్ సెంటరుకు వెళ్లేదాన్ని. ఇలా ఎంతోకాలం సాగదు, కిడ్నీ మార్చుకుంటే మంచిది అన్నారు డాక్టర్లు. అమ్మకు షుగరు, ఆమె ఇవ్వడానికి లేదు. అన్నదీ నాదీ ఒకటే బ్లడ్ గ్రూపు. ఆలోచించుకోవడానికి అన్న టైం అడగలేదు. వదిన అడిగింది. వారం తర్వాత తనే మా ఇంటికి వచ్చి సరేనంది. ఆ వారం అడిగినందుకే నాకు ఆమె మీద గౌరవం ఎక్కువ.

అడ్డం వచ్చింది అన్న బరువు. మా అన్న మనిషి భారీ. ఫంక్షన్లలో ఆయన కూర్చున్న టేబుల్ దగ్గరికి వడ్డించేవాళ్లు ప్రేమగా వస్తారు. ఫ్యాక్టరీ గేటు ముందు మిర్చి బజ్జీల బండివాడు ఆయన షిఫ్టు దిగే వేళకు కొత్త వాయి వేస్తాడు. ఆసుపత్రిలో కిడ్నీల డాక్టరు మేడం అన్నను చూసింది, రిపోర్టు చూసింది, మళ్లీ అన్నను చూసింది.

"ఇంత బరువుతో ఆపరేషన్ మీకూ మంచిది కాదు, మీకు మిగిలే ఒక్క కిడ్నీకీ మంచిది కాదు. పదీ పన్నెండు కిలోలు తగ్గండి, అప్పుడు చూద్దాం" అంది.

పక్క గదిలో డైటీషియన్ దగ్గరికి పంపారు. చిన్నమ్మాయి, నిదానంగా మాట్లాడింది. మొదటి ఒకటి రెండు వారాలు గబగబా తగ్గుతారు, అందులో ఎక్కువ భాగం నీరే, దాన్ని చూసి లెక్కలు వేసుకోవద్దు అంది. తర్వాత వారానికి అర కిలో తగ్గితే బాగా తగ్గినట్టు, ఎప్పుడైనా కిలో, కొన్ని వారాలు అసలు ఏమీ తగ్గరు, అది కూడా మామూలే అంది. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూరగాయలు పెంచమంది, నడవమంది, అన్నిటికంటే ముందు నీళ్లు బాగా తాగమంది. ఐదారు నెలలు పడుతుందనుకోండి అని లేచి నమస్కారం పెట్టింది.

ఇన్ని మాటల్లో మా అన్న చెవికెక్కింది గబగబా అన్న ఒక్క మాట. మెట్లు దిగుతూ, "ఐదారు నెలలేంది చెల్లె, ఈస్టర్ కల్లా అవుతది సూడు. నువ్వేం ఫికర్ పెట్టుకోకు" అన్నాడు.

వదిన ఆ రోజు నుంచే రాత్రిపూట అన్నం ఆపి జొన్నరొట్టె మొదలుపెట్టింది. బజ్జీలు బంద్. చాయ్‌లో చక్కెర బంద్. అన్న పొద్దున్నే లేచి నాచారం చెరువు వైపు నడక మొదలుపెట్టాడు. బరువు చూసుకోవడానికి ఇంట్లో మిషన్ కొనలేదు, ఫ్యాక్టరీలో కార్టన్లు తూచే పెద్ద కాంటా ఉంది కదా. వారం తిరిగాక దాని మీదికి ఎక్కాడు. కాంటా దిగకముందే ఫోను చేశాడు. మూడు కిలోలు తగ్గాడు.

ఆ ఆదివారం అయ్యగారి మాట పూర్తి కాకముందే మా అమ్మ లేచింది. తల మీద కొంగు సర్దుకుంది.

"నా కొడుకు వారంల మూడు కిలోలు తగ్గిండు. ఈ లెక్కన నెల తిరిగెవరకు నా బిడ్డకు కిడ్నీ ఇచ్చేస్తడు. డాక్టర్లు ఐదారు నెలలన్నరు. ప్రభువు నెలల జేస్తుండు. స్తోత్రం."

చర్చి అదిరేట్టు స్తోత్రం అన్నారు. మగవాళ్ల వైపు అన్న తల వంచుకుని నవ్వుతున్నాడు. ముసలాయన ఒకరు వెనక నుంచి ఆయన భుజం తట్టారు. పిల్లలకు అతిశయోక్తి అలంకారం చెప్పేటప్పుడు ఉదాహరణలకు నేనెప్పుడూ దూరం వెళ్లక్కర్లేదు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది.

ఇక్కడ డయాలసిస్ సంగతి కొంచెం చెప్పాలి. సెంటర్లోకి పోగానే ముందు చెప్పులు విడిచి కాంటా ఎక్కాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లు తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే ఉండిపోతుంది. కాళ్లలో చేరుతుంది, మొహంలో చేరుతుంది, మితిమీరితే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెడుతుంది. సోమవారం ఒక బరువుతో బయటికి వస్తే బుధవారం రెండు కిలోలు ఎక్కువతో లోపలికి వెళ్తాం. నాలుగు గంటలు చేతికి సూదులు గుచ్చి మిషన్ ఆ నీటిని లాగేస్తుంది. పోయేటప్పుడు మళ్లీ కాంటా. ఎక్కిన రెండు కిలోలూ దిగిపోయి ఉంటాయి. నీరంతా పోయాక మిగిలేదే మనిషి సొంత బరువు. మా సెంటర్లో ఎవరి బరువు ఎంతంటే ఆ సొంత బరువే చెప్తాం. మిగతాది మాది కాదని మాకు తెలుసు.

అందుకే ఇంటికి వచ్చే ఆటోలో అమ్మతో అన్నాను. "అమ్మా, గవి నీళ్లు. కొవ్వు గంత జల్ది కరగదు. మొన్న నేను నాలుగు గంటలల్ల రెండున్నర కిలోలు తగ్గిన. నాకెవరన్న స్తోత్రం చెప్పిన్రా?"

అమ్మకు కోపం వచ్చింది. "నీ నోట్లకెళ్లి ఒక్క మంచి మాట రాదా? నీ కోసమేనాయె వాడు కడుపు కట్టుకునేది" అంది.

నా మాట నిజమే. అయినా ఆ రాత్రి నేను కూడా నెల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆశ పుట్టడానికి లెక్క తెలియకపోవడం అవసరం లేదు.

తర్వాతి వారం అన్న అర కిలో తగ్గాడు. ఆ తర్వాత వారం ఏమీ తగ్గలేదు. ఆ తర్వాత ఇంకో అర కిలో. డైటీషియన్ అమ్మాయి ఎలా చెప్పిందో సరిగ్గా అలాగే జరుగుతోంది. ఆమె లెక్క ప్రకారం అన్న మంచి విద్యార్థి. అమ్మ సాక్ష్యం లెక్క ప్రకారం ఫెయిలయ్యాడు.

సంఘం ఊరుకోదు కదా. ఆరాధన అయ్యాక బయట చెప్పులు తొడుక్కునే చోట ప్రతి ఆదివారం హాజరు తీసుకునేవాళ్లు. "ఎంత తగ్గినవ్ అన్నా?" "ఇంక ఎన్ని కిలోలున్నయ్ తమ్మీ?" "జీలకర్ర నీళ్లు తాగు." "మా మేడిపల్లి మరదలు ఏదో పౌడర్ తాగి నెలల పది తగ్గింది, తెప్పియ్యాల్నా?" ఒక మామ అయితే, "మన ఉప్పల్ ఫ్లైఓవర్ ముందుగాల అయితదా, నీ పొట్ట ముందుగాల తగ్గుతదా?" అని అందరి ముందు అన్నాడు. అందరూ నవ్వారు. ఉప్పల్ నుంచి నారపల్లి రోడ్డు మీద సగంలో ఆగిన ఆ పిల్లర్లను ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లం కాబట్టి నాకూ నవ్వు వచ్చింది. అన్న కూడా నవ్వాడు గానీ కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

మగవాళ్లకు ఇలాంటివి పట్టవనుకుంటాం. అన్న ఒక వారం షిఫ్టు ఉందని చర్చికి రాలేదు. ఇంకో వారం వచ్చి, వాక్యం అవగానే ఆశీర్వాదానికి ఆగకుండా వెళ్లిపోయాడు. ఆడవాళ్లు మా ఇంటికి వచ్చి అన్న కోసం వంతులవారీ ఉపవాసాలు పెట్టుకున్నారు. ఈ రోజు నువ్వు, రేపు నేను అని. అందరూ ఆయన కోసం పస్తులుంటే ఆయన ఇంట్లో కూర్చుని గుడ్డు తినడం ఎలా? అంతలో శ్రమల దినాలు వచ్చాయి. గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులు మావాళ్లు ఏదో ఒకటి మానుకుంటారు. కొందరు మాంసం, కొందరు చాయ్, పిల్లలు చాక్లెట్లు. అన్న అన్నం పూర్తిగా మానేశాడు. తర్వాత పప్పు కూడా తగ్గించాడు. తగ్గింది ఎంతో నాకు చెప్పడం మానేశాడు.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం డయాలసిస్ నుంచి బయటికి వస్తుంటే వదిన ఫోన్ చేసింది. ఆమె ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"ఒకసారి ఇంటికి రా. మీ అన్న నిన్న పొద్దటి సంది పచ్చి గంగ ముట్టలే."

నీళ్లు కూడా ముట్టని కఠిన ఉపవాసం మా వాళ్లలో ఉంది, పెద్ద కష్టం వచ్చినప్పుడు మూడు రోజులు చేస్తారు. నాన్న కోసం అమ్మ ఒకసారి చేసింది. కానీ వదిన గొంతు తగ్గించి ఇంకోమాట అంది. "ప్రార్థన అంటుండు. గదీ ఉండొచ్చు. ఎల్లుండి దవాఖానల బరువు సూస్తరు, గది గూడ ఉన్నది."

చేతికి కట్టు ఉండగానే ఆటో ఎక్కి నాచారం వెళ్లాను. ఎండ దిగినా వేడి దిగలేదు. అన్న ముందుగదిలో కూలర్ ఎదురుగా కూర్చున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. అయినా నన్ను చూసి, "సన్నగ అయినట్టు అవుపడ్తున్ననా?" అన్నాడు.

వాళ్లింట్లో వంటగది గుమ్మం పక్కన మట్టి రంజన్ ఉంటుంది. దాన్లోంచి పెద్ద గ్లాసు నిండా నీళ్లు ముంచి తెచ్చి ఆయన ముందు పెట్టాను. నన్ను రోజుకు తాగమని డాక్టర్లు చెప్పింది ఒక చిన్న సీసా నీళ్లే. పొద్దున్నే నింపి పెట్టుకునేదాన్ని. టీ తాగితే అన్ని నీళ్లు అందులోంచి పారబోయాలి, మజ్జిగ తాగితే అన్ని పారబోయాలి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికే ఆ సీసా అడుగంటేది. ఆ సాయంత్రం నా సీసా ఖాళీ. నా చేతిలో చెమటలు పట్టిన చల్లటి గ్లాసు. తాగగలిగిన మనిషి దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మొక్కిన చెల్లె. రేపు రాత్రిదాక ముట్ట."

"ఎవరి కోసం మొక్కినవ్?"

"ఇంకెవరి కోసం? నీ కోసమే."

"నా కోసమైతే తాగు. గదొక్కటి చెయ్యి. నీళ్లు తాగకపోతే తగ్గేది నీళ్లే, నువ్వు కాదు. తాగంగనే మల్ల వస్తది. నన్ను సూస్తలేవా, వారానికి మూడుసార్లు తగ్గి మూడుసార్లు పెరుగుత."

"ఎల్లుండి ఒక్కరోజు కాంటా మీద తక్కువ సూపిస్తే చాలు. తారీఖు ఇస్తరు. తర్వాత ఎన్నయినా తాగుత. నీకు తొందర లేదు గానీ నాకున్నది."

నాకు ఒళ్లు మండింది. నాకు తొందర లేదట. ఆ గ్లాసు తీసుకుని మొహాన కొట్టాలనిపించింది, నీళ్లు వృథా అవుతాయని కొట్టలేదు. రంజన్‌లో తిరిగి పోసేసి ఇంటికి వచ్చాను.

ఆసుపత్రిలో కాంటా బరువు బాగానే తగ్గినట్టు చూపించింది. అన్న నా వైపు చూశాడు. ఆ చూపులో గెలిచినవాడి గర్వం ఉంది. రక్తపరీక్ష రిపోర్టు మధ్యాహ్నం వచ్చింది. డాక్టరు మేడం దాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలింది. అన్న కిడ్నీ పనితీరు చూపించే అంకె, అంతకు ముందు చక్కగా ఉన్నది, ఇప్పుడు ఉండాల్సినదానికంటే పైకి పోయింది.

"ఏం చేశారు మీరు?" అంది.

అన్న ఉపవాసం సంగతి చెప్పాడు. మేడం అరవలేదు. అరిస్తే బాగుండేది. మీ చెల్లెలికి ఇవ్వాలనుకుంటున్నది కిడ్నీ, నీళ్లు లేకుండా మీరు ఎండబెట్టింది కూడా కిడ్నీయే అని మెల్లగా చెప్పింది. ఇది నీళ్లు తాగకపోవడం వల్ల వచ్చిందే అయి ఉండొచ్చు, అలా అయితే సర్దుకుంటుంది, కానీ వేరే కారణం ఏమీ లేదని తేలేదాకా మీ పేరు పక్కన పెట్టాలి అంది. రెండు వారాలు మామూలుగా తిని, బాగా నీళ్లు తాగి మళ్లీ రమ్మంది.

ఆ రెండు వారాలు నాకు బాగా గుర్తున్నాయి. బడిలో పరీక్షలు, పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. ఆయన కిడ్నీ నిజంగానే చెడి ఉంటే నాకు ఇచ్చే మనిషి లేడు. అది మొదటి భయం. నా వల్ల ఆయన కూడా నా పక్క మంచం మీదికి వస్తే అన్నది రెండో భయం. ఈ రెండూ ఏ వరుసలో వచ్చాయో దాచుకోవడానికి ఏముంది, ఇదే వరుసలో వచ్చాయి.

రిపోర్టు వచ్చిన మర్నాడు సాయంత్రం అన్న మా ఇంటికి వచ్చాడు. అమ్మ గదిలోంచి రాలేదు. అన్న ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను లేచి పెద్ద గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఈసారి తీసుకున్నాడు. గుటక గుటకకూ గొంతు కదలడం చూస్తూ ఎదురుగా నిలబడ్డాను. నాకు దాహం వేసింది. అసూయ కూడా వేసింది. ఇంకో గ్లాసు తెచ్చాను, అది కూడా తాగాడు.

"పెరుగుత గదనే" అన్నాడు గ్లాసు ఇస్తూ.

"పెరుగు" అన్నాను.

రెండు వారాల తర్వాత కాంటా మీద అన్న దాదాపు మూడు కిలోలు పెరిగి కనిపించాడు. రక్తంలో అంకె మాత్రం మునుపటి చోటికి దిగి వచ్చింది. నేను చూసిన వాళ్లలో ఒక మనిషి బరువు పెరిగాడని సంతోషించిన డాక్టరు ఆవిడొక్కతే. ఇంకో రెండుసార్లు పరీక్ష చేసి చూస్తాం, అన్నీ బాగుంటే మళ్లీ మొదటి నుంచి నడుద్దాం, నిదానంగా అంది.

అయితే అన్న చర్చికి రావడం మానేశాడు. చెప్పుల దగ్గర జనానికి ఏమని చెప్పాలి? అమ్మ కూడా వెనక వరుసలోకి మారింది. రెండు ఆదివారాలు చూశాను. మూడో ఆదివారం అన్నను నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. అయ్యగారు సాక్ష్యాలు అడగ్గానే లేచాను.

"మా అమ్మ జనవరిల చెప్పిన మూడు కిలోలు నీళ్లు. గవి మళ్లొచ్చినయ్. మా అన్న జల్ది తగ్గాలని నీళ్లు మానిండు, కిడ్నీ కరాబయ్యేటట్టు అయింది, దేవుని దయతోని బాగయింది. ఇగ నుంచి ఆయన జల్ది తగ్గాలని ఎవ్వరు ప్రార్థన చెయ్యకుండ్రి. మెల్లగ తగ్గాలని చెయ్యుండ్రి. ఎంత తగ్గినవని అడగకుండ్రి. నీళ్లు తాగినవా అని అడుగుండ్రి. గంతే."

కూర్చున్నాను. దీనికి స్తోత్రం అనాలా వద్దా అని ఎవరికీ తేలలేదు. అయ్యగారు కూడా మైకు వైపు వంగి ఆగిపోయారు. అప్పుడు వెనక వరుసలోంచి మా అమ్మ ఒక్కతే, "స్తోత్రం" అంది. తర్వాత అందరూ అన్నారు.

మా సంఘానికి ఒక పని అప్పజెప్తే మధ్యస్తంగా చేయడం రాదు. ఆ రోజు నుంచి అన్న కనిపిస్తే చాలు, "నీళ్లు తాగినవా?" ఫ్లైఓవర్ మామ అయితే బాటిల్ కొని తెచ్చి, మూత తీసి, తాగేదాకా ఎదురుగా నిలబడేవాడు. వాక్యం మధ్యలో రెండుసార్లు బయటికి పోవాల్సి వస్తోందని అన్న నా మీద విసుక్కున్నాడు.

వారానికి అర కిలో. ఒక్కో వారం పావు. ఒక్కో వారం ఏమీ లేదు. ఒక పెళ్లికి వెళ్లొచ్చిన వారం కిలో పెరిగి, నడిచి నడిచి దించుకున్నాడు. చెప్పుకోవడానికి ఇంకేమీ జరగలేదు, అదే మంచి సంగతి.

జూన్ చివర్లో నా చేతి దారి మూసుకుపోయింది. డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళంలో గడ్డ కట్టింది. ఆసుపత్రిలో చేర్చి మెడ దగ్గర గొట్టం పెట్టారు. ఆ గొట్టంతో ఎక్కువ కాలం ఉండకూడదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"చెల్లె, ఒక్క నెల గట్టిగ పట్టు పడ్తనే. నీళ్లు తాగుతనే తగ్గుత. అన్నం ఒక్కటి బంద్ చేస్త."

నాకు భయంగా ఉంది. జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. అలాగే చెయ్యి, తొందరగా తగ్గు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయన నిజంగానే చేస్తాడు, నా అన్న సంగతి నాకు తెలుసు.

"ఈ వారం ఎంత?" అని అడిగాను.

"పావు కిలో" అన్నాడు తల దించుకుని.

"మంచిగనే ఉన్నది. అన్నం తిను" అన్నాను. ఆయన వెళ్లాక గోడ వైపు తిరిగి ఏడ్చాను.

వానలు తగ్గుముఖం పట్టేసరికి అన్న బరువు డాక్టరు మేడం చెప్పిన చోటికి వచ్చింది. ఏ వారం వచ్చిందో మేమెవరం పట్టించుకోలేదు. పరీక్షలన్నీ బాగున్నాయి. ఆపరేషన్ జరిగింది.

మూడో రోజు నన్ను అద్దాల గదిలో ఉంచారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. నర్సు ఒక పెద్ద నీళ్ల బాటిల్ తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను అలవాటు కొద్దీ మూతలో కొంచెం పోసుకుని పెదవులు తడుపుకున్నాను. ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది మేడం, గంతేనా? బాటిల్ మొత్తం తాగాలె. కొత్త కిడ్నీకి నీళ్లు కావాలె" అని పెద్ద గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

గ్లాసు నింపాను. నింపి చూస్తూ కూర్చున్నాను. రెండేళ్ల పైనుంచి ఒక నిండు గ్లాసు నాది అని తాగి ఎరగను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు ఫోన్ మోగింది. కింది అంతస్తులో మంచం మీదున్న అన్న. కుట్లు లాగుతున్నట్టున్నాయి, గొంతు సన్నగా వచ్చింది.

"చెల్లె, నీళ్లు తాగినవా?"

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గ్లాసు ఎత్తి అడుగు కనిపించేదాకా ఆపకుండా తాగాను. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు విని అవతల అన్న, "ఇంకొకటి పోస్కో" అన్నాడు.